అక్కదేవతకు ఒడిబియ్యం

మేడ్చల్‌లో నా గురించి ఒక మంచి మాట ప్రచారంలో ఉంది. టెంట్ హౌస్ నర్సింలు మహా తెలివైనవాడట, ఒక్క మధ్యాహ్నం ఒక్క ఉపాయంతో బిడ్డకు బంగారం లాంటి నౌకరీ సంపాదించి పెట్టాడట. ఈ మాట బస్టాండు పక్కన టీ హోటల్లో పుట్టింది. గుండ్లపోచంపల్లి మీదుగా అల్వాల్ దాకా వెళ్లి, అక్కడ ఇంకాస్త ఒళ్లు చేసి తిరిగి వచ్చింది. నాలుగేళ్లుగా నేను దాన్ని వింటున్నాను, తల ఊపుతున్నాను, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మీసం కూడా సవరించుకుంటున్నాను.

అది పచ్చి అబద్ధం. ఆ మధ్యాహ్నం నేను చేసిన దాన్ని ఉపాయమంటే ఉపాయం సిగ్గుతో చచ్చిపోతుంది. నా బిడ్డ రెండేళ్లు కూర్చుని కట్టిన లోకంలోకి గంతలు కట్టిన ఎద్దులా దూరి, కనబడినదాన్నల్లా తొక్కాను. చివరికి పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పట్ల నేను చేసిన పని ఇప్పుడు తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి. చదువుతూ మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక మాత్రం ఆ మంచి మాట ఎవరికి చెందాలో వారికి చేర్చండి.

నాకు షామీర్‌పేట రోడ్డులో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట డేగిశాలు, పెళ్లికొడుకును కూర్చోబెట్టే సింహాసనాలు, ఆ సింహాసనాలకు విరిగిన కాళ్లు. మా ఒక్కగానొక్క బిడ్డ శ్రావణి అప్పుడే ఇంటర్ పూర్తి చేసింది. చదువుతోపాటు రెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఆట తయారుచేస్తోంది. వీఆర్ ఆట. అంటే కళ్లకు ఒక డబ్బా కట్టుకుంటాం. కట్టుకోగానే ఉన్న గది మాయమై ఇంకో లోకం చుట్టూ కనబడుతుంది. తల తిప్పిన వైపు లోకం తిరుగుతుంది. చేతుల్లో ఏమీ పట్టుకోనక్కర్లేదు. డబ్బాకున్న కెమెరాలు మన చేతుల్ని చూసి ఆ లోకంలో కూడా రెండు చేతులు మొలిపిస్తాయి.

ఆ లోకం అక్కదేవతలది. చెరువుల్లో ఏడుగురు అక్కలుంటారనీ, మిట్టమధ్యాహ్నం మనుషులు లేని వేళ గట్టెక్కి జుట్టు ఆరబెట్టుకుంటారనీ, వాళ్ల కంటపడినవాణ్ణి నీళ్లలోకి తీసుకుపోతారనీ మా అమ్మ బతికి ఉన్నప్పుడు మనవరాలికి చెప్పేది. అన్నం తినిపించడానికి చెప్పిన కథలవి. అన్నం అరిగిపోయింది, కథలు మిగిలాయి.

పట్నంలో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ ఆ ఏడాది ఒకే ఒక్కరిని పనిలోకి తీసుకుని నేర్పిస్తామంది. శ్రావణి తన ఆట గురించి రాసి పంపింది. చూడటానికి మేమే వస్తామని జవాబు వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఒక ఒప్పందం జరిగింది.

"నాయినా, నీ గోదాము ఒక్క పూట నాకియ్యి. తిరుక్కుంట ఆడే ఆట. ఇంట్ల జాగ సాలదు."

"ఇస్త. మరి ఆ వచ్చెటోళ్లు వద్దంటే?"

"వద్దంటే నువ్వు జెప్పిన కాలేజీల బీకాం చేర్త. దుకాణంల కూసుంట."

"కంప్యూటరు?"

"అల్మారల పెట్టి తాళమేస్త. తాళంచెయ్యి నీకే ఇస్త."

"మాట మీద ఉంటవా?"

"ఉంట," అంది, నా వైపు చూడకుండా. రెండేళ్లలో ఆ పిల్ల నా వైపు చూడకుండా మాట్లాడింది అదొక్కసారే. నాకు అప్పుడే అర్థం కావలసింది. అప్పటి నేను సులువుగా అర్థం చేసుకునే రకం కాదు. షామియానా కొలతలు తప్ప ఏదీ ఒకసారికి బుర్రకెక్కేది కాదు.

నా వంతు ఏర్పాట్లు మాత్రం ఘనంగా చేశాను. గోదాములోని కుర్చీలన్నీ గోడకు చేర్పించి మధ్యలో పెళ్లిళ్లకు వేసే ఎర్ర తివాచీ పరిపించాను. ఆడేవాడికి కనబడేదంతా చూసేవాళ్లకు కూడా కనబడాలని శ్రావణి అంటే, షామియానా పక్కలకు కట్టే తెల్లగుడ్డను తెరలా కట్టించాను. తివాచీ చివర, ఎదురుగా, కంపెనీ నుంచి వచ్చే మేడం కోసం మంచి కుర్చీ. పక్కన టీపాయ్. దాని మీద మా టెంట్ హౌస్ పేరు అచ్చు వేసిన గుడ్డ. ఆ గుడ్డ మీద వెడల్పాటి తాంబాళం నిండా మిక్చర్, ఒక పళ్లెంలో వేడివేడి ఆలూ బోండాలు. నా భార్య లక్ష్మి పొద్దున్నే వచ్చి కంప్యూటర్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టి, భరిణె అక్కడే ఉంచింది. ఇరవై ఏళ్లుగా మా దగ్గర పందిళ్లు వేస్తున్న యాదగిరి దూరంగా నిలబడి ఇదంతా చూశాడు.

"అన్నా, మనం పిల్ల ఆట సూపిస్తున్నమా, పిల్లనే సూపిస్తున్నమా?"

"నీకెందుకు. కూలర్ పెట్టు."

సునంద మేడం వచ్చింది. కళ్లజోడు, కోటు, బూట్లు ఊహించుకుని ఉన్నాను. ఆమె నేత చీర కట్టుకుని, గుడ్డసంచి భుజాన వేసుకుని, ఆటో దిగి వచ్చింది. నాకంటే రెండు మూడేళ్లు చిన్నదై ఉంటుంది. నవ్వలేదు. మిక్చర్ వైపు కూడా చూడలేదు. అది చూసి నాకు కొంచెం భయం వేసింది, మిక్చర్ వైపు చూడని మనిషిని నేనెన్నడూ చూడలేదు.

ఆడి చూపించడానికి శ్రావణి తన స్నేహితురాలికి నెల రోజులుగా తర్ఫీదు ఇచ్చింది. ఆ పిల్ల డబ్బా కట్టుకోబోతుంటే మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ అమ్మాయికి ఆటంతా కంఠతా వచ్చి ఉంటుంది. అలాంటివాళ్లు ఆడితే నాకేం తెలుస్తుంది? పుట్టి బుద్ధెరిగి ఏ ఆటా ఆడనివాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

లక్ష్మి ఒక పెద్ద డేగిశా వెనక్కి జరిగింది. యాదగిరికి ఎక్కడో ముడి వదులైన తాడు గుర్తొచ్చింది. నేను ముందుకు వచ్చాను. ఎందుకు వచ్చానంటే, జీవితమంతా ఇతరుల కోసం స్టేజీలు కట్టినవాడికి ఒక్కసారైనా తానే ఎక్కాలని ఉంటుంది.

"నేనాడ్త మేడం."

"నాయినా," అంది శ్రావణి. వద్దు, దండం పెడతాను, నా బతుకుతో ఆడకు, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

"ఏమైతది బిడ్డా? డబ్బ కట్టుకునుడే గద. మోటారుసైకిల్ హెల్మెట్ పెట్టుకుంటలేనా?"

మేడం తల ఊపింది. ఇక శ్రావణి చేయగలిగింది ఏమీ లేదు. నన్ను తివాచీ మీద నిలబెట్టి చెవి దగ్గర చెప్పింది.

"మూడు మాటలు యాది పెట్టుకో. ఒకటి, ఎర్ర తివాచీ దాటకు. రెండు, లోపల కనబడేది ఏది నిజం కాదు. మూడు, పెద్దక్క ముంగట కత్తి ఉంటది. నూరు లెక్కబెట్టేలోపల కత్తి దీసి ఆమె చేతి కడియానికి తాకియ్యాలె. తాకిస్తే గెలిచినట్టు. లేకుంటే ఆట ఖతం. ఇన్నవా?"

"ఇన్న, ఇన్న."

వినలేదు. బోండాల పళ్లెం మేడం చేతికి అందేంత దూరంలో పెట్టారో లేదో చూస్తున్నాను.

డబ్బా కట్టింది. గోదాము పోయింది.

నేను షామీర్‌పేట చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాను. మిట్టమధ్యాహ్నం. అదే గట్టు, అవే రాళ్లు, అదే తుమ్మచెట్టు, దాని మీద నేనెరిగిన కొంగ. నాకు తెలియకుండానే చెప్పులు విడిచాను. నిజం చెప్పులు, గోదాములో. గట్టు మీద చిన్న గుడిలో కట్టమైసమ్మ కనబడితే వంగి మొక్కాను. ఆ మొక్కిన తల వెళ్లి కూలర్‌కు తగిలిందని తర్వాత చెప్పారు. నాకు మాత్రం అమ్మవారు నుదుటి మీద చల్లగా ఆశీర్వదించినట్టే ఉంది.

అంతలో నీళ్లు పక్కకు జరిగాయి. మెట్లు కనబడ్డాయి. దిగాను. ఎలా చెప్పను? ఆకాశం స్థానంలో చెరువు ఉంది, పైన అలలు కదులుతున్నాయి. వాటి కింద చేపలు పిట్టల్లా గుంపులు కట్టి ఎగురుతున్నాయి. తామరతూళ్లు స్తంభాలుగా, తామరాకులు పైకప్పుగా ఒక ఇల్లు. పందిళ్లు వేసే మనిషిని కాబట్టి చెబుతున్నాను, అలాంటి పందిరి నేను ఏడు జన్మలెత్తినా వేయలేను. ఒక్క గుంజ కూడా వంకర లేదు. ఇంటి ముందు ఆరుగురు అక్కలు ఆరు రంగుల చీరల్లో జుట్టు ఆరబెట్టుకుంటూ నన్ను చూసి నవ్వారు. వాళ్ల జుట్టు నుంచి జారిన ప్రతి నీటిచుక్కా ఒక చిన్న చేపపిల్లై ఈదుకుంటూ వెళ్లిపోతోంది.

ఎదురుగా రాతిగద్దె మీద పెద్దక్క కూర్చుని ఉంది. నీలం చీర. కాళ్లు నేలకు ఆనడం లేదు. ముందు కత్తి, పక్కన గంపనిండా పసుపు కలిపిన బియ్యం.

"నా పుట్టింటికి గట్టు మీదికెళ్లి తోవ ఉండె," అంది పెద్దక్క. "ఆ తోవల రాళ్లు పాతి పలాట్లు జేసిన్రు. ఏండ్లాయె, నన్ను పిలిచినోళ్లు లేరు. నా తోవ మూసింది నువ్వేనా?"

ఆ ముఖం చూశాను. కోపం ఉంది, కానీ కోపం వెనక ఇంకొకటి ఉంది. పెళ్లై వెళ్లిన ఆడబిడ్డ పండక్కి ఎవరూ పిలవకపోతే గడపలో నిలబడి రోడ్డు వైపు చూస్తుందే, అది. నేను తల దించుకున్నాను. ఎందుకంటే ఆ ప్లాట్లు అమ్మకానికి పెట్టిన రోజు గట్టు పక్కన షామియానాలు వేసింది ఎవరనుకున్నారు?

"అక్కా, టెంట్లు నేనే ఏసిన," అన్నాను. "కుర్చీలు గూడ నావే. పలాట్లు మాత్రం నావి కావక్కా. నా బిడ్డ మీద ఒట్టు."

ఎక్కడో దూరంగా యాదగిరి దగ్గు వినబడింది. ఆ డబ్బా కళ్లు మూస్తుంది కానీ చెవులు మూయదు. బయటి మాటలు, లోపలి మాటలు కలిసిపోయే వినబడతాయి.

"కత్తి, నాయినా, కత్తి," అని కూడా వినబడింది. కత్తి చూశాను. చాలా బాగుంది. దాన్ని పెద్దక్క మీదికి ఎత్తాలట. మీరే చెప్పండి. పుట్టింటివాళ్లు పిలవలేదని ఏడ్చే ఆడబిడ్డకు కత్తి చూపిస్తారా ఎవరైనా? మా వైపు ఆడబిడ్డ ఇంటికి వస్తే ఒడి నింపి పంపుతాం. కొంగు పట్టమని ఐదు దోసిళ్ల పసుపు బియ్యం పోసి, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, రవిక గుడ్డ పెట్టి, బొట్టు పెట్టి సాగనంపుతాం. ఎందరి ఇళ్లలోనో ఒడిబియ్యానికి నేను పందిళ్లు వేశాను. నాకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. పోయడానికి ఒక్క ఒడీ దొరకలేదు. ఇక్కడ ఒడి ఉంది, పక్కనే గంపలో బియ్యమూ ఉంది.

"కత్తులెందుకక్కా మన మధ్యల," అన్నాను. "కొంగు పట్టు."

నడిచాను. అరికాళ్ల కింద తివాచీ పోయి చల్లటి బండ తగిలింది. నీటిలోపలి ఇంటి అరుగు ఇంత చల్లగా కూడా చేసిందా నా బిడ్డ అని మురిసిపోయాను. గంపలోకి రెండు చేతులూ పెట్టాను. బియ్యం చేతికి తగిలాయి. నిజంగా తగిలాయి. కొంచెం నూనె నూనెగా ఉన్నాయి. కరివేపాకు వాసన కూడా వచ్చింది. ఈ యంత్రాలు ఎంత దూరం వచ్చాయి, వాసన కూడా పెడుతున్నారు అనుకుని, దోసెడు తీసి పెద్దక్క ఒడిలో పోశాను.

"నాయినా."

"ఆగు బిడ్డా. మధ్యల మాట్లాడొద్దు. ఐదు దోసిళ్లు గావాలె."

రెండో దోసిలి. మూడో దోసిలి. అప్పుడు పెద్దక్క గొంతు మారింది. మెల్లగా, దగ్గరగా, తడిగా వినబడింది.

"మంచిగ పొయ్యన్నా. కింద పడ్తున్నయి."

"కొంగు ఇంకింత సాపి పట్టు చెల్లె." అక్కను చెల్లె అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది, కానీ ఆ గొంతుకు ఆ పిలుపే సరిపోయింది. ఐదు దోసిళ్లూ పోశాను. కుడుకల కోసం చూస్తే గద్దె పక్కన రెండు గుండ్రటి శంఖాలు కనబడ్డాయి. అవి తీసి ఒడిలో పెట్టాను. శంఖాలు మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. నీళ్లలో బతికే వస్తువు, వెచ్చగానే ఉంటుంది కాబోలు. రవిక గుడ్డ కోసం తడిమి, చేతికందిన గుడ్డ ఒక్క గుంజు గుంజాను. పెద్ద చప్పుడైంది. పైన చెరువులో ఉరుమనుకున్నాను.

ఇక బొట్టు. అది ఆడవాళ్ల పని.

"లక్ష్మీ, బొట్టు పెట్టు."

"ఎవరికయ్యా?"

"అక్కకు. కనబడ్తలేదా?"

కుంకుమ భరిణె మూత తీసిన చప్పుడు. తర్వాత గాజుల శబ్దం. "పెట్టిన," అంది లక్ష్మి, మెత్తగా. చెరువు అడుక్కి లక్ష్మి ఎప్పుడు వచ్చిందో అడగాలని నాకు తోచలేదు. ఇరవై రెండేళ్లలో నేను పిలిచిన ప్రతి చోటికీ గొణుక్కుంటూనైనా వచ్చింది, ఇక్కడికి మాత్రం ఎందుకు రాదు?

అంతలో నూరు లెక్క పూర్తయినట్టుంది. నా కళ్ల ముందు ఎర్రటి అక్షరాలు లేచాయి. మీరు ఓడిపోయారు. ఇక నీళ్లలోనే ఉంటారు.

డబ్బా తీశాను.

తివాచీ నా వెనక ఆరడుగుల దూరంలో ఉంది. నా ఎదురుగా కుర్చీలో సునంద మేడం. కొంగు చాపి పట్టుకుని ఉంది. కొంగు నిండా మిక్చర్. మిక్చర్ మీద రెండు ఆలూ బోండాలు. బోండాల మీద మా టెంట్ హౌస్ పేరున్న గుడ్డ. టీపాయ్ బోర్లాపడి ఉంది, తాంబాళం ఇంకా నేల మీద గిరగిరా తిరుగుతోంది. మేడం నుదుట లక్ష్మి పెట్టిన కుంకుమ రూపాయి బిళ్లంత ఉంది. తెల్లగుడ్డ మీద, అందరికీ కనబడేంత పెద్దగా, మీరు ఓడిపోయారు.

శ్రావణి కంప్యూటర్ ముందు రెండు చేతుల్లో ముఖం దాచుకుని కూర్చుంది. బీకాం పుస్తకాలూ, అల్మారా తాళమూ నా కళ్ల ముందు కదిలాయి. నా మాట నెగ్గుతోందని సంతోషించాల్సింది నేను. కానీ ఆ చెరువు చూసి వచ్చాను కదా. దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేయడమంటే ఏమిటో ఆ గోదాములో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"మేడం, తప్పయింది," అన్నాను. "నా బిడ్డది ఏం తప్పు లేదు. నాకు మూడు మాటలు జెప్పింది, నేనొక్కటి గూడ ఇనలే. ఇంకొకరితోని ఆడిపియ్యండ్రి."

మేడం కొంగు దింపలేదు. బోండాలు జారకుండా సర్దుకుంది.

"మీరు కత్తి ఎందుకు తీయలేదు?"

"ఆడబిడ్డ మీద కత్తెట్ల ఎత్తుత మేడం."

"అది బొమ్మ కదా."

"మర్చిపోయిన."

"ఎప్పుడు మర్చిపోయారు?"

"గట్టు మీద చెప్పులిడిసినప్పుడే మర్చిపోయినట్టున్న."

ఆమె కాసేపు కొంగులోకి చూసుకుంది. తర్వాత మాట్లాడింది. అప్పటిదాకా మాట్లాడిన పట్నం మాట ఎక్కడికి పోయిందో పోయింది. "మాది కీసర అవతల. అమ్మ బాపు పోయిన్రు. అన్నలు పొలం పలాట్లు జేసి ఎవరి దిక్కు వాళ్లు పోయిన్రు. నా ఒడి నింపినోళ్లు లేక మస్తు ఏండ్లాయె. మీరు ఒచ్చి కొంగు పట్టమంటే చెయ్యి దానంతటదే లేచింది. ఏం పోస్తున్నరో సూడనే లేదు."

లక్ష్మి ముక్కు చీదింది. యాదగిరి తాంబాళాన్ని కాలితో ఆపాడు.

ఊళ్లో ప్రచారంలో ఉన్న కథ ఇక్కడితో ఆగిపోతుంది. మేడం కళ్లు తుడుచుకుంది, పిల్లకు నౌకరీ ఇచ్చింది. ఆమెకు పుట్టిల్లు లేదన్న సంగతి నర్సింలు ముందే ఆరా తీసి పథకం వేశాడు. ఇదీ ఊరు చెప్పే కథ. అసలు జరిగింది ఆ తర్వాతే ఉంది, ఎవరూ చెప్పనిది.

మేడం ఒడిలోది భద్రంగా సంచిలో పోసుకుని, కళ్లు తుడుచుకుని, శ్రావణి వైపు తిరిగింది. మళ్లీ పట్నం మాట, మళ్లీ నవ్వని ముఖం.

"నాకు ఒడి నింపినందుకు నీకు ఉద్యోగం ఇవ్వను. అది మీ నాన్నకూ నాకూ మధ్య. ఆట గురించి అడుగుతాను, చెప్పు. పెద్దక్క ముఖం అలా ఎందుకు చేశావు?"

శ్రావణి చేతులు తీసి చూసింది. "మా అవ్వ జెప్పింది మేడం. అక్కలు మంచోళ్లే. పిలిచేటోళ్లు లేకనే గట్ల కోపంగ అయిన్రని."

"ఆ ముఖం చేయడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"ఐదు నెలలు. మొత్తం పదిసార్లు తీసేసి మళ్ల జేసిన. ఉత్త కోపమే ఒస్తుండె. పదకొండోసారి కుదిరింది."

"మరి అంత కష్టపడి ఆ ముఖం చేసి, ముందు కత్తి ఎందుకు పెట్టావు?"

నా బిడ్డ మిక్చర్ చిందిన బండల వైపు చూసింది, తెర మీద ఎర్ర అక్షరాల వైపు చూసింది.

"అన్ని ఆటలల్ల కత్తి ఉంటది గదా అని పెట్టిన మేడం," అంది. "అది తప్పు. కత్తి తీసేస్త. పక్కన బియ్యం గంప ఉత్తగ అందానికి పెట్టిన. ఆట అండ్లనే ఉన్నది, నేను సూసుకోలే. పదిహేను రోజులియ్యండ్రి. పోసుడెట్లనో ఆడేటోళ్లకు ఎవరు జెప్పొద్దు. వాళ్లకే తోచాలె. మా నాయినకు తోచినట్టు."

అప్పుడు నవ్వింది మేడం. "వచ్చే సోమవారం ఆఫీసుకు రా. ఆ పదిహేను రోజులు అక్కడే తీసుకో. ఆటంటే ఏమిటో తెలియని మనిషి నువ్వు చేసిన గట్టు మీద చెప్పులు విడిచాడు. నిన్ను తీసుకోవడానికి నాకు ఇంకేం కావాలి?"

అదీ సంగతి. గెలిచింది నా బిడ్డ. ఆమె ఎంత గెలిచిందో తెలియడానికి వాడిన కొలబద్దను నేను. కొలబద్దకు ఎవరైనా శాలువా కప్పుతారా? మా కాలనీవాళ్లు కప్పారు. నేను కప్పించుకున్నాను.

ఆట బయటికి వచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో డబ్బాలు కట్టుకుని ఆ గట్టు మీదికి వస్తున్నారట. కొందరు కత్తి కోసం వెతుకుతారు, దొరకదు. కొందరు గంప వైపు చూస్తారు. దోసిలి పట్టినవాళ్లకు పెద్దక్క లేచి నిలబడి, పైన చెరువును కొంగుతో పక్కకు జరిపి తోవ చూపిస్తుందట. అది నా బిడ్డ ఆఫీసులో కూర్చుని చేసిన పని. టీ హోటల్లో మాత్రం అది నా ఉపాయంగానే చలామణీ అయింది. అల్వాల్ నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు.

"అన్నా, పిలగానికి ఎల్లుండి ఇంటర్వ్యూ ఉన్నది. నువ్వొక్కసారి ఒచ్చి ఏమన్న పొయ్యరాదే."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నా అసలు తప్పు. మిక్చర్ పోసింది కళ్లు మూసుకుని. ఇది కళ్లు తెరిచి చేసింది. ఒక రోజు శ్రావణి ఆఫీసు నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాయినా, మిక్చర్‌తోని నౌకరి ఒచ్చిన పిల్లంటున్నరు నన్ను. నువ్వేమంటలేవా?"

నేను చాయ్ తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను. కప్పు ఖాళీ అయ్యాక కూడా తాగాను. ఆమె లేచి వెళ్లిపోయింది.

మొన్నీమధ్య ఆమె రెండో ఆట తయారైంది. ఆఫీసుకు నన్ను రమ్మంది. "ముందు నువ్వాడాలె. మా దగ్గర అదే పద్ధతి అయింది ఇప్పుడు." వెళ్లాను. ఆఫీసులో నన్ను చూడగానే ఆడవాళ్లంతా కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఎవరో బిస్కెట్లు సొరుగులో దాచారు. నన్ను ఖాళీగా ఉన్న గది మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి డబ్బా కట్టారు. ఈసారి మోసపోయే ప్రశ్నే లేదని పళ్లు బిగించి కూర్చున్నాను.

అడవి. ఒక గుడిసె. పొయ్యి ముందు ఒక ముసలవ్వ. నిప్పులో నుంచి మిణుగురులు పుట్టి ఆమె జుట్టులో వాలుతున్నాయి.

"తిన్నవా బిడ్డా?" అంది.

"తిన్నవ్వా," అన్నాను. అంతే. అయిపోయింది నా పని.

"మనసుల ఏమన్న బరువుంటే ఈ పొయ్యిల ఎయ్యి. కాల్తది."

"ఒక్కటున్నదవ్వా. నా బిడ్డ కష్టపడి గెలిచింది. ఊరంత నా పేరు జెప్పుకున్నది. నేను కాదనలే."

అవ్వ నా వైపు తిరిగింది. "ఎందుకనలే?"

"మంచిగనిపిచ్చిందవ్వా. ఇన్నేండ్లు మంది పెండ్లిండ్లకు కుర్చీలేసుడే అయ్యె. నర్సింలు గెలిచిండని ఎవరన్నరు? అన్నప్పుడు ఇడ్సబుద్ధి గాలే. బిడ్డొచ్చి అడిగితే ఉత్త కప్పు పట్టుకుని కూసున్న."

"గది నీ బిడ్డకు జెప్పు. నాకెందుకు."

"సిగ్గైతది."

"నోటితోని సిగ్గైతే రాసి పెట్టు. జల్దీ రాయి, పొయ్యి ఆరిపోతది."

డబ్బా తీశాను. గది నిండా మనుషులు. గోడ మీద పెద్ద తెర, నాలుగు మూలలా స్పీకర్లు. నా బరువంతా వాటిలోంచి వినిపించిందన్నమాట. సునంద మేడం వెనక వరుసలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. పక్క గది తలుపు తెరుచుకుంది. చేతిలో మైకుతో శ్రావణి వచ్చింది. అవ్వ గొంతు ఇంకా రికార్డు చేయలేదట. ఆమే మాట్లాడుతోందట, గొంతు మార్చే యంత్రం పెట్టి.

కళ్లనిండా నీళ్లు, ముఖమంతా నవ్వు.

"పాస్ నాయినా."

"ఎవరు, నేనా?"

"ఆట."

కనుక అవ్వ చెప్పినట్టు రాసి పెడుతున్నాను. మేడ్చల్, షామీర్‌పేట, అల్వాల్ వాసులందరూ గమనించగలరు. నౌకరీ నా బిడ్డ చేతుల్లోంచి వచ్చింది, నా దోసిట్లోంచి రాలేదు. టీ హోటల్లో ఇక మీదట ఎవరైనా వేరేలా చెబితే వారికి నా షామియానాలు దొరకవు. ఇకపోతే, అందరి సాక్షిగా నా ప్రమాణం: కళ్లకు డబ్బా కట్టుకుని ఎవరి ఒడిలోనూ ఏమీ పోయను, ఎవరికీ ఏమీ చెప్పను. ఎదురుగా ఉన్నది మనిషో బొమ్మో అనుమానం వస్తే ముందు గిల్లి చూస్తాను.

ఇది రాస్తుండగా లక్ష్మి భుజం మీదుగా చదివింది.

"గిల్లుడేందయ్యా? అది మనిషైతే?"

గిల్లడం కూడా మానేస్తున్నానని ప్రమాణంలో చేర్చమంది. చేర్చాను.